జీసీలో సరైన అంకె రావాలంటే సాల్వెంట్‌ను ఎలా ఎంచుకోవాలి

ఒంగోలు, టంగుటూరు వేలం కేంద్రాలకు వచ్చే వర్జీనియా పొగాకులో నికోటిన్ ఎంత శాతం ఉందో చెప్పాలన్నా, పొదలకూరు నిమ్మకాయ తొక్క నుంచి తీసిన నూనెలో లిమొనీన్ ఎంత ఉందో తేల్చాలన్నా, ల్యాబ్‌లో అన్నిటికంటే ముందు చేతికి వచ్చేది సాల్వెంట్ సీసా. పాఠ్యపుస్తకాల్లో ద్రావణి అని మనం చదువుకున్నది ఇదే. నమూనాను కరిగించి యంత్రం దాకా చేర్చితే దాని పని తీరిపోతుందని కొత్తగా చేరినవారు అనుకోవడం సహజం. గ్యాస్ క్రోమటోగ్రఫీలో, అంటే నమూనాను ఆవిరి చేసి అందులోని పదార్థాలను విడదీసి కొలిచే, మనం రోజూ జీసీ అని పిలుచుకునే పనిలో, ఆ సాల్వెంట్ ఎంత తొందరగా ఆవిరవుతుంది, వేడికి ఎంత వ్యాకోచిస్తుంది, పదార్థాలను విడదీసే సన్నని గొట్టమైన కాలమ్ మీద ఎలా పరుచుకుంటుంది అన్నవన్నీ చివరకు మీరు రిపోర్టులో రాసే అంకెలోకి చేరిపోతాయి. ఎమ్మెస్సీ పూర్తిచేసి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏదో ఒక ల్యాబ్‌లో జీసీ ముందు కూర్చున్న మీ కోసం, ఎంపికలో ఏది ముందు చూడాలో, ఏది తరువాత చూడాలో ఇక్కడ వరుసగా చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా పొగాకు నుంచే తీసుకుంటాను, ఎందుకంటే సాల్వెంట్ చేసే మేలూ కీడూ అందులో చాలా స్పష్టంగా కనిపిస్తాయి.

మొదట మీ యంత్రానికి ఉన్న డిటెక్టర్, అంటే కాలమ్ నుంచి బయటికి వచ్చేవాటిని పసిగట్టే భాగం, ఏదో చూడండి. ఈ ఒక్క ప్రశ్నతోనే చాలా సాల్వెంట్లు పక్కకు తప్పుకుంటాయి. ఈసీడీ (ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్) క్లోరిన్ ఉన్న అణువులను అత్యంత సూక్ష్మంగా పట్టుకుంటుంది కాబట్టి, రొయ్య మాంసంలో ఆర్గానోక్లోరిన్ పురుగుమందుల అవశేషాలు వెతికేటప్పుడు డైక్లోరోమీథేన్‌ను గానీ క్లోరోఫామ్‌ను గానీ ఇంజెక్ట్ చేయకూడదు. తీత దశలో డైక్లోరోమీథేన్ వాడక తప్పకపోతే, దాన్ని పూర్తిగా ఆవిరి చేసి నమూనాను హెక్సేన్‌లోకి గానీ ఐసోఆక్టేన్‌లోకి గానీ మార్చాలి. కొద్దిపాటి జాడ మిగిలినా బేస్‌లైన్ (గ్రాఫులోని అడుగు గీత) గంటల తరబడి దిగిరాదు. నైట్రోజన్‌ను చూసే ఎన్‌పీడీకి (నైట్రోజన్-ఫాస్ఫరస్ డిటెక్టర్‌కు) అసిటోనైట్రైల్ పనికిరాదు, క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు దాని పూసను పాడు చేస్తాయి. ఎఫ్‌ఐడీ (ఫ్లేమ్ అయనైజేషన్ డిటెక్టర్) చాలావరకు ఓర్చుకుంటుంది కానీ, క్లోరిన్ సాల్వెంట్లు మంటలో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పుట్టించి లోపలి లోహభాగాలను తినేస్తాయి. అయాన్ల బరువును బట్టి గుర్తించే మాస్ డిటెక్టర్‌కు సాల్వెంట్ పీక్ (గ్రాఫులో అది వేసే శిఖరం) దాటేవరకు ఫిలమెంట్ వెలగకుండా సాల్వెంట్ డిలే పెట్టాలి. మీ పదార్థం ఆ వ్యవధిలోనే బయటికి వస్తే అది అసలు కనిపించదు.

తరువాతి ప్రశ్న, మీరు కొలవదలచిన పదార్థానికీ సాల్వెంట్‌కూ మధ్య సంబంధం ఏమిటన్నది. కరిగితే చాలదు, చర్య జరపకూడదు, అక్కరలేనివాటిని వెంట తీసుకురాకూడదు. పొగాకు ఆకును మెథనాల్‌లో నానబెడితే నికోటిన్ వస్తుంది, నిజమే. దానితోపాటు చక్కెరలూ లవణాలూ పత్రహరితమూ కూడా వస్తాయి. బ్యారన్‌లో, అంటే వేడితో ఆకును ఆరబెట్టే గదిలో, పండబెట్టిన వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ. ఆ చక్కెర, నమూనాను ఆవిరి చేసే 250 డిగ్రీల ఇంజెక్టర్‌లో మాడి, దాని లోపలి గాజు గొట్టమైన లైనర్ గోడలకు నల్లగా అంటుకుంటుంది, ఆ మాడు మీద నికోటిన్ అతుక్కుపోయి పీక్ తోకలాగా సాగుతుంది, ప్రతి ఇంజెక్షన్‌కూ ఏరియా (పీక్ కింది వైశాల్యం) కొంచెం కొంచెం తగ్గుతుంది. అందుకే పొగాకు నికోటిన్‌కు స్థిరపడిన పద్ధతిలో నీరు, సోడియం హైడ్రాక్సైడ్, హెక్సేన్ మూడూ కలిసి పనిచేస్తాయి. 1.5 గ్రాముల పొడి ఆకుకు 20 మి.లీ. నీరు, 10 మి.లీ. 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే, ఆకులో లవణ రూపంలో ఉన్న నికోటిన్ క్షార రూపానికి మారి, 40 మి.లీ. హెక్సేన్ పొరలోకి ఎక్కుతుంది. చక్కెరలూ లవణాలూ అడుగున నీటి పొరలోనే ఉండిపోతాయి. ఆ హెక్సేన్‌లో ముందే ఇంటర్నల్ స్టాండర్డ్‌గా, అంటే పోల్చి చూసేందుకు తెలిసినంత కలిపే పదార్థంగా, ఎన్-హెప్టాడెకేన్ గానీ క్వినాల్డిన్ గానీ కరిగి ఉంటుంది.

ఇక్కడ హెక్సేన్ బదులు మరొకటి ఎందుకు కాకూడదని మీరు అడగాలి, ఆ ప్రశ్న ప్రతి పద్ధతికీ వేసుకోవాలి. అసిటోన్ నీటితో కలిసిపోతుంది, రెండు పొరలు ఏర్పడవు. ఇథైల్ అసిటేట్ పొర ఏర్పడుతుంది కానీ సోడియం హైడ్రాక్సైడ్ సమక్షంలో విడిపోయి అసిటేట్‌గా, ఇథనాల్‌గా మారుతూ ఉంటుంది, అంటే మీ సాల్వెంట్ ఘనపరిమాణమే కదిలిపోతుంది. డైక్లోరోమీథేన్ నీటికంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది, పైగా అమీన్లు దానితో నెమ్మదిగా చర్య జరపగలవు కాబట్టి అందులో నిలవ ఉంచిన నికోటిన్ స్టాండర్డ్‌ను (గాఢత ముందే తెలిసిన ద్రావణాన్ని) నమ్మలేము. నిమ్మ నూనెలో ఇలాంటి జాగ్రత్తే సిట్రాల్ విషయంలో కావాలి. సిట్రాల్ ఆల్డిహైడ్, మెథనాల్‌లో ఉంచితే, ముఖ్యంగా కొద్దిగా ఆమ్లం తగిలితే, అది అసిటాల్‌గా మారుతుంది, అసలు పీక్ రోజురోజుకూ తగ్గి పక్కన కొత్త పీక్ మొలుస్తుంది. దాన్ని హెక్సేన్‌లోనో హెప్టేన్‌లోనో ఉంచితే ఈ బాధ ఉండదు.

హెక్సేన్ పొరను తీసేటప్పుడు తొందరపడకండి. పొరలు స్పష్టంగా విడిపోయాకే పై పొరను పిపెట్‌తో తీసి, నీరు లేని సోడియం సల్ఫేట్ మీదుగా వయల్ అనే చిన్న గాజు సీసాలోకి పంపండి. అడుగు నుంచి ఒక్క చుక్క వచ్చినా సోడియం హైడ్రాక్సైడ్ కాలమ్ మొదటి భాగంలోని సిలోక్సేన్ పూతను తినేస్తుంది.

ఇప్పుడు ఇంజెక్టర్ దగ్గరికి రండి. సిరంజితో పంపేది 1 మైక్రోలీటరే అయినా, 250 డిగ్రీల వేడిలో అది ఆవిరై ఎంత చోటు ఆక్రమిస్తుందో చాలామంది లెక్క వేయరు. లెక్క కష్టమైనదేమీ కాదు. సాంద్రతను అణుభారంతో భాగిస్తే మోల్‌లు వస్తాయి, వాయు సమీకరణంలో ఇంజెక్టర్ ఉష్ణోగ్రతా పీడనమూ వేస్తే ఘనపరిమాణం వస్తుంది. కాలమ్ తల వద్ద పీడనం 10 పీఎస్‌ఐ ఉన్నప్పుడు 1 మైక్రోలీటర్ హెక్సేన్ సుమారు 195 మైక్రోలీటర్ల ఆవిరి అవుతుంది. ఇథైల్ అసిటేట్ 260, డైక్లోరోమీథేన్ 400, అసిటోనైట్రైల్ 490, మెథనాల్ 630 దాకా పోతాయి. నీరైతే 1,400 దాటుతుంది. మామూలు 4 మి.మీ. లైనర్ మొత్తం సామర్థ్యం సుమారు 900 మైక్రోలీటర్లు, అందులోనూ ఆవిరిని మోసుకెళ్లే క్యారియర్ గ్యాస్ నిండి ఉంటుంది కాబట్టి అంతా మన వాడకానికి రాదు. హెక్సేన్ 2 మైక్రోలీటర్లు పంపినా ఇమిడిపోతుంది. అదే 2 మైక్రోలీటర్ల మెథనాల్ పంపితే ఆవిరి లైనర్‌లో పట్టక పైకి పొంగి, సూది గుచ్చే రబ్బరు బిళ్ల (సెప్టమ్) కింది పర్జ్ గొట్టంలోకీ గ్యాస్ లైన్‌లోకీ ఎక్కి, చల్లని చోట మళ్లీ ద్రవమై, తరువాతి బ్లాంక్‌లో (నమూనా లేని ఇంజెక్షన్‌లో) దెయ్యం పీక్‌లాగా దిగుతుంది. పోయిన భాగం ఎంతన్నది ప్రతిసారీ మారుతుంది కాబట్టి పునరావృతి చెడిపోతుంది.

దీని నుంచి వచ్చే నియమాన్ని నేను దేనికోసమూ సడలించను. స్టాండర్డ్ ఏ సాల్వెంట్‌లో ఉందో నమూనా కూడా అదే సాల్వెంట్‌లో ఉండాలి. బజారులో దొరికిన స్టాండర్డ్ మెథనాల్‌లో వచ్చిందని దాన్ని అలాగే ఇంజెక్ట్ చేసి, నమూనాను మాత్రం హెక్సేన్‌లో పంపితే, రెండింటికీ ఆవిరి వ్యాకోచం వేరు, స్నిగ్ధత వేరు, సిరంజి లోపలికి లాగే పరిమాణం వేరు, ఆవిరిలో కొంత భాగాన్నే కాలమ్‌కు పంపే స్ప్లిట్ దగ్గర విడిపోయే తీరు వేరు. రెండు పీక్‌లూ అందంగా కనిపిస్తాయి, స్టాండర్డ్‌ల గాఢతకు ఏరియాను జతచేసే కేలిబ్రేషన్ గీత కూడా సూటిగా వస్తుంది. జవాబు మాత్రం తప్పుతుంది. గీత సూటిగా ఉంది కదా అని తృప్తిపడడం ఇక్కడ చాలా ప్రమాదం.

స్ప్లిట్‌లెస్‌గా, అంటే ఆవిరిని దాదాపు అంతా కాలమ్‌లోకే పంపేటప్పుడు, కాలమ్ ఉండే ఓవెన్ మొదటి ఉష్ణోగ్రతను సాల్వెంట్ మరిగే ఉష్ణోగ్రతకు 10 నుంచి 20 డిగ్రీలు తక్కువగా పెట్టాలి. అప్పుడు సాల్వెంట్ ఆవిరి కాలమ్ మొదట్లో పలుచటి పొరగా చేరి, వెంట వచ్చిన పదార్థాలను ఒక్కచోట బిగించి, అది ఆవిరైపోయాక సన్నని పీక్‌గా వదులుతుంది. హెక్సేన్ 69 డిగ్రీలకు మరుగుతుంది కాబట్టి 50 దగ్గర మొదలుపెట్టవచ్చు, హెప్టేన్ 98 కాబట్టి 80 దగ్గర. డైక్లోరోమీథేన్ మరిగేది 40 దగ్గరే. ఓవెన్ ఏదైనా గది ఉష్ణోగ్రతకు కొన్ని డిగ్రీలు పైవరకే చల్లబడగలదు; మే నెలలో ఏసీ సరిగా పనిచేయని గదిలో ఓవెన్ 35కు దిగడానికి పడే అవస్థ మీరు చూసే ఉంటారు. ఇంకొక సంగతి, ఆ పొర నిలవాలంటే సాల్వెంట్ కాలమ్ పూతను తడపగలగాలి. అధ్రువ కాలమ్ మీద మెథనాల్ తామరాకు మీద నీళ్లలాగా బొట్లుగా నిలుస్తుంది, ఒకే పదార్థం రెండు పీక్‌లుగా చీలుతుంది. కాలమ్ ముందు పూత లేని, డీయాక్టివేట్ చేసిన కొద్ది మీటర్ల గొట్టాన్ని రిటెన్షన్ గ్యాప్‌గా తగిలిస్తే చాలావరకు సర్దుకుంటుంది. వీలుంటే సాల్వెంట్ మార్చడమే మేలు. నికోటిన్ శాతాల్లో ఉండే పొగాకుకు స్ప్లిట్ సరిపోతుంది కాబట్టి అక్కడ ఈ చర్చ అంత అవసరం ఉండదు.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఎండ గురించి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అనుకునే నేల మనది. 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలు నెల్లూరుకూ ఒంగోలుకూ కొత్త కాదు. కరెంటు పోయి ఏసీ ఆగిన గంటలో గది 34కు చేరితే, సాల్వెంట్ మీద రెండు రకాల దెబ్బ పడుతుంది. ఒకటి వ్యాకోచం. హెక్సేన్, ఇథైల్ అసిటేట్, డైక్లోరోమీథేన్, అసిటోన్ అన్నీ డిగ్రీకి సుమారు 0.14 శాతం చొప్పున పెరుగుతాయి. నీరు పెరిగేది అందులో ఆరో వంతో ఏడో వంతో. ఉదయం 22 డిగ్రీలలో స్టాండర్డ్ చేసి, మధ్యాహ్నం 34 డిగ్రీలలో అదే హెక్సేన్‌ను నమూనాలకు పిపెట్ చేస్తే, 12 డిగ్రీల తేడాకు సుమారు 1.7 శాతం తక్కువ హెక్సేన్ పడినట్టు. మీ యంత్రం, మీ చేయి, మీ తూకం అన్నీ నిర్దోషంగా ఉన్నా ఈ 1.7 శాతం మీ జవాబులో కూర్చుని ఉంటుంది. ఫ్లాస్క్ మెడ మీద అది ఏ ఉష్ణోగ్రతకు గుర్తు పెట్టినదో రాసి ఉంటుంది, 20 డిగ్రీలో 27 డిగ్రీలో చదవండి. అంతకంటే ముఖ్యం, స్టాండర్డ్‌కూ నమూనాకూ వాడే సాల్వెంట్ ఒకే ఉష్ణోగ్రతలో ఉండడం. ఫ్రిజ్ నుంచి తీసిన స్టాండర్డ్ గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా మూత తీయవద్దు. అసలైన మందు తూకం. పిపెట్‌ను నమ్మే బదులు ఆ 40 మి.లీ.ను తూచి వేస్తే వ్యాకోచం ప్రశ్నే లేకుండా పోతుంది, ఎందుకంటే బరువు వేడికి మారదు.

రెండోది ఆవిరి కావడం. దీని పాఠం నాకు ఒక ల్యాబ్‌లో పని చేసిన రోజుల్లో వారం రోజుల శ్రమ మీద వచ్చింది. ఒకే చెక్ శాంపిల్ ఆకు, సోమవారం సరిగా వచ్చిన నికోటిన్ శాతం శుక్రవారానికి కొద్దికొద్దిగా దిగుతూ పోయింది. సెప్టమ్ మార్చాము, లైనర్ మార్చాము, కాలమ్ మొదటి అరమీటరు కోసి మళ్లీ బిగించాము. ఏమీ మారలేదు. చివరకు పాత క్రోమటోగ్రాములు వరుసగా బల్ల మీద పరిచి చూస్తే, నికోటిన్ ఏరియా పెద్దగా కదలలేదు, నమూనాల్లో హెప్టాడెకేన్ ఏరియానే రోజూ పెరుగుతోంది. ఇంటర్నల్ స్టాండర్డ్ కలిపిన హెక్సేన్ రెండున్నర లీటర్ల గోధుమరంగు సీసాలో, పైన డిస్పెన్సర్ బిగించి ఉండేది. ఆ డిస్పెన్సర్ గాలి రంధ్రం మూత పోయింది. రాత్రంతా హెక్సేన్ ఎగిరిపోతోంది, ఎగిరిపోని హెప్టాడెకేన్ అందులోనే చిక్కబడుతోంది. కేలిబ్రేషన్ స్టాండర్డ్‌లు మాత్రం సోమవారం అదే సీసాతో చేసి, మూతలు బిగించి ఫ్రిజ్‌లో పెట్టినవి. నమూనాలో ఇంటర్నల్ స్టాండర్డ్ ఎక్కువ పడితే దానితో పోల్చిన నికోటిన్ ఏరియా నిష్పత్తి తగ్గుతుంది, నిష్పత్తి తగ్గితే నికోటిన్ తక్కువని రిపోర్టు వస్తుంది. పొద్దున తలుపు తీయగానే గదిలో హెక్సేన్ వాసన కొట్టేది. ఆ వాసనే మాకు మొదటి రోజు చెప్పిన జవాబు, మేము వినలేదు.

కాబట్టి ఇంటర్నల్ స్టాండర్డ్ ఉంది కదా ఏ పొరపాటైనా అదే సర్దుతుందని అనుకోకండి. వయల్‌లోకి చేరాక సాల్వెంట్ ఆవిరైతే అది సర్దుతుంది, ఎందుకంటే నికోటిన్, హెప్టాడెకేన్ రెండూ కలిసే చిక్కబడతాయి. ఇంజెక్షన్ పరిమాణంలో వచ్చే హెచ్చుతగ్గులనూ సర్దుతుంది. అది నమూనాకు చేరకముందు, సీసాలో ఉండగా జరిగిన నష్టాన్ని మాత్రం సర్దలేదు. సీసాను సాయంత్రం తూచి, పొద్దున మళ్లీ తూచండి. తేడా కనిపిస్తే ఆ ద్రావణాన్ని పారబోసి కొత్తది చేసి, స్టాండర్డ్‌లు కూడా ఆ కొత్తదానితోనే చేయండి.

నమూనాలను వరుసగా తానే ఇంజెక్ట్ చేసే ఆటోశాంప్లర్ ట్రే మీద వయల్ ఎంతసేపు నిలుస్తుందో తెలుసుకోవడానికి అనలిటికల్ బ్యాలెన్స్ చాలు. ఖాళీ వయల్‌ను మూతతో సహా తూచి, 1 మి.లీ. సాల్వెంట్ వేసి, మూత బిగించి, సూదితో ఒకసారి పొడిచి మళ్లీ తూచి, మీ సీక్వెన్స్ (ఇంజెక్షన్ల వరుస) ఎంతసేపు నడుస్తుందో అంతసేపు ట్రేలో ఉంచి చివర తూచండి. 1 మి.లీ. డైక్లోరోమీథేన్ బరువు సుమారు 1,326 మి.గ్రా.; అందులో 13 మి.గ్రా. పోయిందంటే స్టాండర్డ్ 1 శాతం చిక్కబడినట్టే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ పరీక్షను ఎండ వేళలో చేయండి, జనవరి ఉదయం వచ్చిన ఫలితం మేలో పనికిరాదు. పొడిచిన సెప్టమ్ ఉన్న వయల్‌ను మరుసటి రోజుకు దాచవద్దు. ఇంటర్నల్ స్టాండర్డ్ లేకుండా ఎక్స్‌టర్నల్ కేలిబ్రేషన్‌తో పని చేయవలసి వస్తే, మరిగే ఉష్ణోగ్రత ఎక్కువగా ఉన్న హెప్టేన్, ఐసోఆక్టేన్‌లకు మొగ్గు చూపండి. రెండూ వంద డిగ్రీలకు కొంచెం తక్కువలో మరుగుతాయి. ఎన్-హెక్సేన్ ఆవిరిని ఏళ్లతరబడి పీల్చితే కాళ్లూ చేతుల నరాలు దెబ్బతింటాయి, హెప్టేన్‌కు ఆ దోషం తక్కువ. పని చేసేవారి ఆరోగ్యం కోసమైనా నేను హెప్టేన్‌నే ఎంచుకుంటాను. అయితే నిర్దేశిత పద్ధతిలో హెక్సేన్ అని ఉంటే మీ ఇష్టానికి మార్చకూడదు, మార్చిన ప్రభావాన్ని పరీక్షించి చూపించాలి. మీ పదార్థమే తొందరగా బయటికి వచ్చే తేలికపాటిదైతే, హెప్టేన్ పీక్ కింద అది దాగిపోకుండా ఉందో లేదో కూడా చూడాలి.

శుద్ధత విషయం క్లుప్తంగా చెబుతాను. సీసా మీద హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రోమటోగ్రఫీ) గ్రేడ్ అని ఉంటే అతినీలలోహిత కాంతిలో అది స్వచ్ఛంగా కనిపించిందని అర్థం, జీసీకి స్వచ్ఛమని కాదు. హెక్సేన్స్ పేరుతో అమ్మేదానిలో మిథైల్‌పెంటేన్‌లు, మిథైల్‌సైక్లోపెంటేన్ కూడా కలిసి ఉంటాయి. డైక్లోరోమీథేన్‌లో ఎమిలీన్‌ను, క్లోరోఫామ్‌లో ఇథనాల్‌ను, ఈథర్లలో బీహెచ్‌టీని నిలవ కోసం కలుపుతారు, అవి పీక్‌లుగా కనిపిస్తాయి. 100 మి.లీ. తీతను 1 మి.లీ.కి కుదిస్తే సాల్వెంట్‌లోని మలినాలూ 100 రెట్లు చిక్కబడతాయి; అందుకే సీసాలోంచి నేరుగా ఇంజెక్ట్ చేసిన బ్లాంక్ చాలదు, నమూనా లేకుండా మొత్తం పద్ధతిని నడిపి అదే మేరకు కుదించిన బ్లాంక్ కావాలి. మాస్ డిటెక్టర్‌లో 149 అయాన్ గట్టిగా కనిపిస్తే థాలేట్‌లను అనుమానించి, ప్లాస్టిక్ టిప్పులను, గొట్టాలను పక్కన పెట్టి గాజుకు మారండి. 207, 73 కనిపిస్తే సాల్వెంట్‌ను తిట్టకముందు సెప్టమ్‌నూ కాలమ్ బ్లీడ్‌నూ (వేడికి కాలమ్ పూత ఊడి రావడాన్ని) చూడండి.

ఎంచుకున్నాక, దాన్ని పద్ధతిలో ప్రవేశపెట్టే ముందు మూడు పరీక్షలు చేయండి. మధ్యస్థ గాఢత స్టాండర్డ్‌ను వరుసగా ఆరుసార్లు ఇంజెక్ట్ చేసి ఏరియాల సాపేక్ష విచలనం చూడండి. ఇంటర్నల్ స్టాండర్డ్ నిష్పత్తికి అది 1 శాతం లోపు, విడి ఏరియాకు 2 శాతం లోపు ఉంటే ఇంజెక్టర్ సరిగా పనిచేస్తున్నట్టు. అదే స్టాండర్డ్‌ను సీక్వెన్స్ మొదట్లో ఒకసారి, ప్రతి పది నమూనాలకు ఒకసారి, చివర ఒకసారి పెట్టండి. ఏరియా ఒకే దిక్కుకు పెరుగుతూ పోతే సాల్వెంట్ ఎగిరిపోతున్నట్టు, తగ్గుతూ పోతే లైనర్ మలినమవుతున్నట్టు అనుమానించండి. మూడోది రికవరీ. ముందే నికోటిన్ శాతం తెలిసిన ఆకుకు తెలిసినంత నికోటిన్ కలిపి, తీత మొదటి అడుగు నుంచి చేసి, కలిపినంతా తిరిగి వచ్చిందో లేదో చూడండి. 2 శాతం నికోటిన్ ఉన్న 1.5 గ్రాముల ఆకులో 30 మి.గ్రా. ఉంటుంది, 40 మి.లీ. హెక్సేన్‌లో అది మి.లీ.కి 0.75 మి.గ్రా.; మీ కేలిబ్రేషన్ శ్రేణి ఈ అంకెకు రెండు వైపులా చాలినంత విస్తరించి ఉండాలి.

ఇవన్నీ సరిపోయాక, సీసా మీద అంటించే చీటీ గురించి. సాల్వెంట్ పేరు, గ్రేడ్, లాట్ నంబరు, ఇంటర్నల్ స్టాండర్డ్ కలిపిన తేదీ, ఆ రోజు గది ఉష్ణోగ్రత, మూతతో సహా సీసా బరువు రాయండి. బరువు కోసం చీటీలో ఒక గడి కాకుండా ఒక వరుసే వదలండి, పొద్దున సీసాను తెరిచే ప్రతి ఒక్కరూ తూచి, తేదీ వేసి, సంతకం చేసేలా.